ముప్ఫై ఎనిమిది కిటికీలు

"ఇవాళ ఇంకో అర చెంచా తగ్గించావు కదమ్మా," అన్నాడు మరిది, గాజు గ్లాసుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని. "ఇందులోంచి గోడ మీద క్యాలెండరు చదవొచ్చు."

"చదువు మరి. చిన్నప్పుడు ఎటూ చదవలేదు," అంది అత్తగారు.

టీ పొడి తగవు మొదలై తొమ్మిది రోజులైంది. మనిషికో చెంచా చొప్పున పడే పొడిని అత్తగారు ఇల్లంతటికీ కలిపి మూడు చెంచాలకి దించింది. డబ్బా వంటింట్లో ఉంటే ఎవరో ఒకరు చెయ్యి పెడతారని తన మంచం కిందకి చేర్చుకుంది. మరిది డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతాడు. పొద్దున్నే కొత్తవాళ్ళ పక్కన కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలంటే కడుపులో చిక్కటి టీ పడాలని అతని వాదన.

"పోనీ, పొడి నేను కొనుక్కొస్తానే అమ్మా," అంది ఆడపడుచు. ఆమె మందుల దుకాణంలో పనిచేస్తుంది. తగవు తీర్చడానికి వచ్చిన ప్రతిసారీ తగవుని ఇంకాస్త పెంచి పోతుంది.

"ఏం పెట్టి కొంటావే? నీదీ అందులోనే పోయింది కదా?"

దాంతో అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. లిఫ్టులు బాగుచేసే పెద్దకొడుకు, రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా, పైకీ కిందకీ పోకుండా చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"నువ్వు చెప్పు వదినా. ఇది టీయేనా?" అన్నాడు మరిది.

పెద్దకోడలైన ఆమె ఓ గుక్క తాగి చూసింది. వేడిగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"బాగానే ఉంది."

"నిన్నడిగాను చూడు! ఉప్పు కలిపిచ్చినా బాగానే ఉందంటావు."

నిజమే, అలాగే అనేది. ఆర్నెల్లుగా ఆమెకి అలాగే ఉంది. ఇంటిల్లిపాదీ డబ్బు పెట్టిన కంపెనీ మూతపడిందన్న వార్త ఫోన్లో వచ్చినప్పుడు ఆమె మిషను ముందు కూర్చుని ఓ పొడవాటి కర్టెనుకి కింది అంచు కుడుతోంది. వార్త చదివి, ఆ అంచు పూర్తి చేసి, రెండో కర్టెనుకి కూడా అంచు కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచి వెళ్ళి ఇంట్లో వాళ్ళకి చెప్పింది. అత్తగారు కుర్చీలో కూలబడింది, ఆడపడుచు ఏడ్చింది, మరిది వీధిలోకి వెళ్ళి ఎవరితోనో పోట్లాడి వచ్చాడు. ఆమె మాత్రం అన్నం వండింది.

"ఇవాళే కదూ ఆ ఆఫీసుకి రమ్మంది?" అని భర్త తలుపు దగ్గర ఆగి అడిగాడు.

"పదింటికి."

"నన్ను రమ్మంటావా?"

"వద్దులెండి. సెలవు దండగ."

పేటలో ఆమెని టేపు వదిన అంటారు. మెడలో గొలుసు ఉన్నా లేకపోయినా కొలతల టేపు మాత్రం ఉంటుంది. ఇళ్ళకీ ఆఫీసులకీ కర్టెన్లు కుట్టడం ఆమె పని. చూసి చెప్పడం ఆమెకి తెలియదు, కొలిచి చెబుతుంది. సొంతింట్లో కొత్త మంచం కొన్నప్పుడు కూడా, గుమ్మం ఎంత వెడల్పో కొలిచాకే దాన్ని లోపలికి రానిచ్చింది.

రెండేళ్ళ కిందట ఓ కంపెనీ నుంచి ఆమెకి పెద్ద ఆర్డరు వచ్చింది. నడిబజారులో ఆరంతస్తుల ఆఫీసు భవనం. అందులో మూడో అంతస్తు మొత్తానికి కర్టెన్లు. నిచ్చెన వేసుకుని ముప్ఫై ఎనిమిది కిటికీలూ తనే కొలిచింది. ఒక్కటి మాత్రం మిగతా వాటికంటే అంగుళం పొట్టి. కంపెనీ వాళ్ళు అడిగిన రోజుకి ఎనభై నాలుగు వేలు బ్యాంకులో వేశారు, ఒక్క పైసా బేరమాడలేదు. నిచ్చెన పట్టుకున్న మేనేజరే ఆ మాట ఎత్తాడు. "మీరు కుట్టిన కర్టెన్ల వెనకాల మీకూ ఓ గజం చోటుంటే బావుండదూ అమ్మా?"

సంగతేమిటంటే, ఆ భవనాన్ని ఒక్కరు కొనరు. వేలమంది తలా కొంచెం వేసి కొంటారు. వచ్చిన అద్దె వాటాల ప్రకారం నెలనెలా ఫోన్లోకి వచ్చి పడుతుంది. పది లక్షలకి తగ్గని వాటాకి అద్దె మీద ఇంకో అర శాతం ఎక్కువ.

ఆ అర శాతం దగ్గరే ఇల్లంతా ఒక్కటైంది. అత్తగారు బళ్ళో ఆయాగా చేసి దిగిపోయినప్పుడు వచ్చిన రెండు లక్షలు. సొంత కారు కొనుక్కుని సొంత స్కూలు పెట్టాలని మరిది కూడబెట్టిన మూడు. ఆడపడుచువి రెండు. తమవి, ఆలుమగలవి, మూడు. అన్నీ కలిపి ఆమె పేరు మీద వేశారు. ఎవరి పేరు మీద ఉంటే ఏమిటి, ఒకే కంచంలో తింటున్నాం కదా అంది అత్తగారు. మరిది ఒక్కడే, "ఆ భవనం నిజంగా ఉందంటావా వదినా?" అని అడిగాడు.

"ఉందో లేదో ఏమిటి? కొలిచొచ్చాను," అంది ఆమె. అంగుళం పొట్టి కిటికీ సంగతి కూడా చెప్పింది. అంత లెక్కగా చెప్పే మనిషిని ఎవరు కాదంటారు?

భవనం ఉన్నమాట నిజమే. కాకపోతే అది వేరేవాళ్ళది. కంపెనీ ఆ ఒక్క అంతస్తూ అద్దెకి తీసుకుని, కర్టెన్లు కట్టి, జనానికి చూపించి, నాలుగు వేల మందికి అమ్మింది. పదకొండు నెలలు వచ్చిన అద్దె వాళ్ళ డబ్బులోంచి వాళ్ళకే ఇచ్చిన చిల్లర.

డబ్బు తిరిగి ఇప్పించే ఆఫీసు ఓ పాత గిడ్డంగి పైన ఉంది. ఒకదానికొకటి అతికించిన ఇనప కుర్చీలు, ఎవరు లేచినా వరసంతా ఊగుతోంది. ఆమె పక్కన కూర్చున్న ముసలాయన, ఆసుపత్రిలో జబ్బు అడిగినట్టు, "మీదెంతమ్మా?" అన్నాడు.

"పది లక్షలండి."

"నాది నాలుగు. మా ఆవిడకి తెలీదు. వాకింగుకని చెప్పి వచ్చాను." తన బూట్ల వంక చూపించాడు. "ఆర్నెల్లుగా వాకింగే. బరువు తగ్గానని డాక్టరు మెచ్చుకున్నాడు."

ఆమె నవ్వాలి కాబట్టి నవ్వింది.

లోపల ఓ గుమస్తా, తనకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, కళ్ళజోడుకి దారం కట్టుకుని కూర్చుంది. కాగితాలు తిప్పి చూసి, విసుగు లేకుండా చెప్పింది.

"దొరికిన ఆస్తులు అమ్మితే కొంత వచ్చింది. మనిషికి మూడు లక్షల దాకా ముందు పూర్తిగా ఇచ్చేస్తున్నాం. ఆపైన ఉన్నదానికి వరసలో ఆగాలి. ఎన్నేళ్ళో చెప్పలేను. వస్తుందని కూడా చెప్పలేను."

"ఇది ఇంట్లో అందరి డబ్బండీ. మా అత్తగారివి రెండు, మరిదివి మూడు, ఆడపడుచువి రెండు, మావి మూడు."

"పేరు ఒకటే ఉంది కదమ్మా?"

"అర శాతం ఎక్కువొస్తుందని."

గుమస్తా కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "ఎవరి పేరు మీద వాళ్ళు వేసుకుని ఉంటే ఈపాటికి మీ పదీ ఇంటికొచ్చేవి."

ఆ మాట ఎక్కడో తగలాలి. ఎక్కడా తగల్లేదు. గుమస్తా బల్ల పొడుగు నాలుగడుగులుంటుందని అనుకుంది ఆమె. నాలుగుంపావు.

"ఓ దారుంది," అంది గుమస్తా గొంతు తగ్గించి. "వీళ్ళ దగ్గర నేను వసూలు చేసి నా పేరు మీద వేశానని మీరు రాసి సంతకం పెడితే, ఆ ముగ్గురివీ వేరు చేసి వాళ్ళకి ఇచ్చేస్తాం. ఏడు లక్షలూ వస్తాయి. కానీ మీరు కంపెనీ తరఫున డబ్బు పోగుచేసిన వసూలుదార్ల జాబితాలోకి వెళతారు. పైగా కంపెనీ మీ ఖాతాలో ఎనభై నాలుగు వేలు వేసింది, దాన్ని కమీషనంటారు."

"అవి కర్టెన్లకండీ."

"నేను నమ్ముతానమ్మా. జాబితా నమ్మదు. విచారణ అయ్యేదాకా మీ మూడూ ఆగిపోతాయి. మీ పేరు ఈ మెట్ల కింద నోటీసు బోర్డు మీద ఉంటుంది, పేపర్లోనూ వేస్తారు. పిలిచినప్పుడల్లా రావాలి. మీ కాగితాలకి ఇవాళే గడువు. ఏదైనా నాలుగింటిలోపు చెప్పండి."

ఆమె లెక్కేసింది. సంతకం పెట్టకపోతే తన పేరు మీద మూడు చేతికొస్తాయి, పంచుకుంటే తలా కాస్త. పెడితే వాళ్ళ ఏడూ వాళ్ళకి, తనకీ భర్తకీ సున్నా. ఇంత తేలిక లెక్క ఎవరైనా వెయ్యగలరు. కష్టమల్లా ఆ పేరు దగ్గర వచ్చింది.

మధ్యాహ్నం ఓ ఇంట్లో కర్టెన్లు బిగించే పని ఒప్పుకుని ఉంది. మాట ఇచ్చిందని వెళ్ళింది. ఆ ఇంటావిడ నిచ్చెన పక్కనే నిలబడి కబుర్లు చెబుతోంది.

"మా అన్నయ్యవి కూడా పోయాయి టేపొదినా, ఆ భవనం కంపెనీలో. కంపెనీ వాళ్ళనైనా క్షమించొచ్చు గానీ, చుట్టాల దగ్గరా పక్కాల దగ్గరా తిరిగి వసూలు చేశారు చూశావూ, వాళ్ళని వీధిలో నిలబెట్టి కడిగెయ్యాలి. జాబితా వేస్తారట కదా. ఒక్కొక్క పేరూ చదువుతాను."

"చదవండి," అంది ఆమె పైనుంచి.

"అయ్యో, రక్తం! చూసుకోవేం?"

గుండుసూది వేలిలోకి దిగి ఉంది. తెల్ల కర్టెను మీద చిన్న ఎర్ర చుక్క. ఆమె సూది లాగేసి, కర్టెను విప్పి, చుక్క పడ్డచోట చన్నీళ్ళతో ఉతికి, మళ్ళీ బిగించింది. కూలీలో వంద తగ్గించుకుంది. ఆవిడ వద్దన్నా వినలేదు.

గుమ్మం దిగాక టైము చూసింది. మూడుంపావు. భర్తకి ఫోను చేసి మొత్తం చెప్పింది, పోగొట్టుకోబోయే వాటిలో సగం ఆయనది కాబట్టి. అటునుంచి ఏ లిఫ్టు తలుపో మూసుకుంటూ తెరుచుకుంటూ చప్పుడవుతోంది.

"వాళ్ళకి చెప్పావా?" అన్నాడు చివరికి.

"చెబితే వద్దంటారు. వద్దన్నాక పెడితే వాళ్ళ మాట కాదన్నట్టు ఉంటుంది. వద్దన్నారని మానేస్తే, అత్తయ్య ఆ టీ డబ్బా మంచం కింద పెట్టుకునే పోతుంది."

"పనులు పోతాయేమో నీకు."

"పోవచ్చు."

"సరే," అన్నాడు. "నడిచి వెళ్ళకు. ఆలస్యమవుతుంది. ఆటో ఎక్కు."

నాలుగింటికి పది నిమిషాలుండగా ఆమె సంతకం పెట్టింది. గుమస్తా ఆమె చేతి వేలికున్న గుడ్డ చూసి, ముద్ర పెట్టే ఇంకు డబ్బా తనే ముందుకి జరిపింది.

ఆరింటికి అందరూ ఇల్లు చేరారు. అత్తగారు కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. ఆడపడుచు మెట్ల మీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటోంది. మరిది ఇవాళ ఓ శిష్యురాలు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కి చెత్తకుండీని ఎలా ముద్దాడిందో అభినయించి చూపిస్తున్నాడు. భర్త అందరికంటే ముందే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె రాగానే టీవీ ఆపేశాడు.

"ఏమైందే అమ్మాయ్? ఏమన్నారు?" అంది అత్తగారు.

ఆమె సంచి దించింది. మెడలో టేపు తీసి చుట్టి బల్ల మీద పెట్టింది. కొలతలు చదివి వినిపించే గొంతుతోనే చెప్పింది.

"మీ రెండూ, దానివి రెండూ, వీడివి మూడూ మీమీ పేర్ల మీద తిరిగి ఇచ్చేస్తారు. మీ ముగ్గురి దగ్గరా నేనే వసూలు చేశానని రాసి సంతకం పెట్టొచ్చాను."

"వసూలేమిటి వదినా? నువ్వేం వసూలు చేశావు?" అంటూ ఆడపడుచు లేచింది.

"నేను కొలిచానన్నాను. మీరు ఇచ్చారు. వాళ్ళ భాషలో దాన్నే వసూలంటారు." ఓ క్షణం ఆగింది. "మా మూడూ ఆగిపోతాయి. రావొచ్చు, రాకపోవచ్చు. వచ్చే వారం నా పేరు పేపర్లో పడుతుంది. వీధిలో ఎవరైనా ఏమైనా అంటే, మీరెవరూ పోట్లాటకి వెళ్ళకండి. ముఖ్యంగా నువ్వు," అంది మరిదితో.

అత్తగారి చేతిలోని పప్పు చేటలోకి జారిపోయింది.

"నన్నొక్క మాట అడగొచ్చు కదే."

"అడగలేదత్తయ్యా. సంతకం అయిపోయింది," అంది ఆమె. "సోమవారం పదింటికి గుర్తింపు కార్డులు పట్టుకుని ముగ్గురూ వెళ్ళండి. నేను రాను. వసూలు చేసినదాన్ని పక్కనుంటే ఒప్పుకోరు."