మా వీధి వాన మనిషి

ప్రతి నవంబరులోనూ మా వీధివాళ్లమంతా బస్సు మాట్లాడుకుని కొండ మీది అడవికి మేపుల్ ఆకులు చూడడానికి వెళ్తాం. ఎర్రబడ్డ చెట్ల కింద కూర్చుని అన్నం తిని, సాకే అనే వేడి బియ్యపు సారా రెండు గుక్కలు తాగి, గొంతు బాగోకపోయినా పాడి రావడం మా ఆనవాయితీ. అయితే అయిదేళ్లుగా వెళ్లిన ప్రతిసారీ వానే. కొందరు ఎక్కడికి బయల్దేరితే అక్కడ వాన పడుతుందని మా నమ్మకం. అలాంటివాళ్లను వాన మనిషి అంటాం. చాపలు అల్లే నిషిగోరి గారికి ఆ పేరు మొదట పెట్టింది నేనే. నా పేరు ఫుమినో. టోఫు, అంటే సోయా జున్ను, అమ్మే కొట్టు నాది, నోటికి తాళం లేదు.

ఈ ఏడు ప్రయాణానికి వారం ముందు ఆయన మా కొట్టు మెట్లు గబగబా ఎక్కి వచ్చి, "మోకాళ్ల నొప్పులండీ, ఈసారి నేను రాలేను. మా ఆవిడ సాయోని మాత్రం తీసుకెళ్లండి" అన్నారు.

"అబద్ధమాడినా అతికినట్టుండాలి నిషిగోరి గారూ!"

ఆయన తల గోక్కున్నారు. "తనకి చూపు ఏడాదికేడాది మసకబారిపోతోందండీ. ఒక్కసారైనా ఆ ఎరుపు ఎండలో చూడాలని తన ఆశ. నేనుంటే ఎండెక్కడిది?"

నా గుండె కలుక్కుమంది. అయినా బుద్ధి గడ్డి తిని, "పోన్లెండి, ఈసారన్నా గొడుగులు మోసే పని తప్పుతుంది" అనేశాను.

ఆదివారం ఆకాశంలో మబ్బు తునక లేదు. నిషిగోరి గారు వీధి చివర నిలబడి చెయ్యి ఊపారు. కొండ మలుపు తిరిగామో లేదో, టపటపా చినుకులు. నా పక్కన సాయో కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, "ఎర్రగానే ఉన్నట్టుంది" అంది. తర్వాత ఇంటికి ఫోను చేసి, "ఊళ్లో ఎండ కాస్తోందట. ఆయన పరుపులు ఆరేశారట" అని చెప్పింది.

పచారీ కొట్టు ఒగాతా వెనక సీట్లోంచి దీర్ఘం తీశాడు. "ఆయన రాలేదు కదా... మరి అన్నేళ్లూ మానకుండా వచ్చిందెవరబ్బా?"

అందరూ లెక్కలు వేశారు. ఒగాతా కూతురి పెళ్లప్పుడు మానేశాడు. సాయో నిరుడు రాలేదు. డ్రైవరు ఏటా మారతాడు. తక్కినవాళ్లూ ఏదో ఒక ఏడు మానినవాళ్లే. మిగిలింది నేను.

"ఫుమినో గారూ, మీరు వాన కాదండీ, తుఫాను!" అన్నాడు ఒగాతా. బస్సంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ సిగ్గుతో చచ్చిపోయాను. అయిదేళ్లు ఒక పెద్దమనిషిని ఆడిపోసుకున్నాను!

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లి నుదురు చాపకు ఆనించి క్షమించమన్నాను. "వచ్చే ఆదివారం మీరిద్దరూ రైల్లో వెళ్లిరండి. నేను గుమ్మం దాటను, ఒట్టు" అన్నాను. ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

ఆదివారం నేను కొట్టు తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదింటికి ఎవరో దబదబా బాదారు. చూస్తే మొగుడూ పెళ్లాలిద్దరూ.

"చెప్పులేసుకోండి, రైలుకు టైమయింది" అంది సాయో.

"నేనొస్తే నీ ఎండ గోవిందా!"

"ఒక్కరే ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో మా ఆయన పోయినవారం చెప్పారు. నాకు ఎండా కావాలి, మీరూ కావాలి. రండి."

నేను దారి పొడుగునా ఆకాశం కేసి తల ఎత్తలేదు. అడవిలోకి వెళ్లేసరికి ఎండ చెట్ల మీద నిండుగా పడుతోంది. సాయో ఒక కొమ్మ కిందికి వెళ్లి, ఆకులకు ముఖం దగ్గరగా పెట్టి, చాలాసేపు అలాగే నిలబడిపోయింది. "అబ్బ, ఇంత ఎరుపా!" అంది. ఆయన ఆమెనే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అన్నం డబ్బాల మూతలు తీశామో లేదో, చినుకులు మొదలయ్యాయి.

"క్షమించండి, ఇది నా వానే" అన్నాను.

"భలేవారే! అయిదేళ్ల అనుభవం నాది. ఈ వాన నాదే!" అన్నారు నిషిగోరి గారు.

ఆ వాన ఎవరిదని స్టేషను దాకా తడుస్తూ పోట్లాడుకున్నాం.