ఆపకుండా మోగిన గంట

మా జయరాజు పంతులుకి మతి పోయిందనే అన్నాం అందరం. మొదట అన్నది నేనే, నా నోరు ఊరుకుంటుందా! కతోలిక గుడి పక్కన బడిలో దూలానికి దారం కట్టి ఇనపగుండు వేలాడదీశాడు. కింద పళ్లెంలో ఇసుక పోశాడు. గుండు ఊగి ఇసుకలో గీత పడితే భూమి కదిలినట్టట. నూజెండ్ల దగ్గర కొండ కింద ఊరు మాది. యుద్ధం జరుగుతున్న ఆ వేసవిలో నేల ఉండుండి గుడగుడమనేది. జపాను వాడి బాంబులని కొందరు, కొండకు తిక్క రేగిందని కొందరు అనుకున్నారు.

జయరాజు బెంగంతా తల్లి గురించే, మా పాపమ్మ వదిన గురించే. మావన్నీ బోదగడ్డి కప్పులు. తల్లికి మాత్రం మురిపెంగా నాపరాళ్ల కప్పు వేయించాడు. ఇప్పుడు ఆ ఇంటి గోడ నెర్రెలిచ్చింది.

"అమ్మా, బళ్లో పడుకోరాదా?" అని రోజూ బతిమాలేవాడు.

"నువ్వు కట్టిచ్చిన ఇల్లొదిలి ఏడకి పోతాన్రా?" అనేది వదిన.

చివరికి ఊరందరికీ చెప్పాడు. గుడి గంట ఆపకుండా మోగితే ఉన్నపళంగా కళ్లాల్లోకి పరుగెత్తాలి. "అట్నే వస్తాలే," అని వదిన కూడా మాటిచ్చింది.

కానీ పుట్టినప్పటినుంచీ గంట అంటే మాకు జపమే. వినపడగానే ఎక్కడివాళ్లం అక్కడ మోకాళ్లూనుతాం. జపం సగంలో వదిన లేచిన రోజు లేదు. పొయ్యి మీద ఎసరు పొంగిపోయినా లేవదు. మొండిది.

ఆ సాయంత్రం జపం గంట కొడుతుండగానే గుండు ఊగింది. జయరాజు బళ్లోంచి ఉరికొచ్చి గంట తాడు లాక్కుని ఆపకుండా కొట్టాడు. జనమంతా కళ్లాల్లోకి ఉరికారు. నేను వాకిట్లోనుంచి అరిచాను.

"వదినా, బయటికి రాయే!"

తలుపు తీసే ఉంది. వదిన మోకాళ్ల మీద ఉంది. కళ్లు తెరవకుండా, ఉండమన్నట్టు చెయ్యి ఊపింది. నాకు ఒళ్లు మండింది. రెక్క పట్టుకుని లాక్కొద్దామని గడప దాకా వెళ్లేలోపే నేల అదిరి కప్పు కూలింది.

ఊళ్లో ఇంకెవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. "నీ గంటే మమ్మల్ని బతికిచ్చింది నాయనా," అని అందరూ వాడి చేతులు పట్టుకుని ఏడ్చారు. వాడు ఒక్కరి మాటా వినిపించుకోలేదు. రాళ్లన్నీ తీసి తల్లిని పడుకోబెట్టి, నా వైపు తిరిగాడు.

"ఆదెమ్మత్తా, అమ్మకి గంట ఇనపళ్లేదా?"

లేదని చెబితే వాడికి కాస్త ఊరట. దేవుడా, అబద్ధమాడటానికి నాకు నోరు రాలేదు.

"ఇనపడింది అయ్యా. అందుకేగా లెగవలా."