హాజరు సంతకాలు

తన ఆఫీసు మూతపడుతుందన్న కాగితం సంగీతకు మామూలు సంచిలోనే వచ్చింది. టపా మోసే దస్రు ఎప్పటిలాగే పదిన్నరకు సైకిలు మీద వాగు దాటి వచ్చి, సంచి బల్ల మీద పెట్టి, చెంబెడు మంచినీళ్లు తాగి పోయాడు. సంచిలో మూడు బ్యాంకు ఉత్తరాలు, ఒక ఆధార్ కార్డు, ఒక సర్కారీ కవరు ఉన్నాయి. కవరు తన పేరు మీదే ఉంది. హర్యా తండాలో నడుస్తున్న తపాలా శాఖను ఏప్రిల్ ఒకటి నుంచి తాటిపాడు గ్రామానికి మారుస్తున్నారు. బ్రాంచి పోస్ట్‌మాస్టర్ అక్కడే విధులకు హాజరు కావాలి. సంగీత తారీఖు ముద్ర తీసి, మిగతా వాటి మీద కొట్టినట్టే దాని మీదా కొట్టింది. తర్వాత లోపలికి వెళ్లి పొయ్యి మీద పప్పు దించింది.

ఆఫీసంటే వాళ్ల ఇంటి ముందుగదే. ముప్పై ఏళ్ల కింద ఆ శాఖ తాటిపాడు పేరు మీదే మంజూరైంది. అప్పట్లో ఆ చిన్న జీతానికి తాటిపాడులో ఎవరూ ముందుకు రాలేదు. సంగీత మామ హాతీరాం తండాలో పదో తరగతి దాటిన మొదటి మనిషి. ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు, ఉద్యోగం వచ్చింది, తపాలా పెట్టె తండాకు వచ్చింది. తాటిపాడు రైతులు, కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబాల వాళ్లు, పోస్టాఫీసు పని పడితే వాగు దాటి లంబాడోళ్ల ఇంటికి రావాల్సి వచ్చేది. అది వాళ్లకు ఎన్నడూ మింగుడుపడలేదు. హాతీరాం ఉన్నన్నాళ్లు సాయంత్రాలు తనే వెళ్లి వాళ్ల అరుగుల మీద ఉత్తరాలు పెట్టి వచ్చేవాడు. ఆయన పోయాక మార్కుల మీద ఆ ఉద్యోగం సంగీతకు వచ్చి పదమూడేళ్లయింది.

ఆమె భర్త బాబూరావు ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. ఆదివారాలు ఇంటికి వస్తాడు. మధ్యాహ్నం ఫోనులో విషయం చెప్తే, "జీతం ఆగదు గదా?" అని అడిగాడు.

"ఆగదు."

"మరింకేంది?"

ఇంకేమిటో ఆమెకూ వెంటనే తట్టలేదు. "తర్వాత మాట్లాడ్త తీ" అని పెట్టేసింది.

తండా సర్పంచి రూప్‌సింగ్ బాబూరావుకు అన్న. తండా వేరే పంచాయతీ అయ్యాక ఇది రెండో ఎన్నిక. ఇరవై ఒక్క ఓట్లతో గెలిచాడు. సంగీత వెళ్లేసరికి మిరప కల్లంలో కాయలు తిరగేస్తున్నాడు. కాగితాన్ని చేతికి దూరంగా పట్టుకుని చదివి, తిరిగి ఇచ్చేశాడు.

"దరఖాస్తు రాస్త బావా. ఇంటింటికి పోయి సంతకాలు పెట్టిస్త. మొదలు నీదే కావాలె."

"నేను సర్పంచిని. గట్ల ముందుగాల పెడితే బాగుండది. మీరు పెట్టున్రి. నేను మండలంల మాట్లాడ్త."

అందులో ఆమెకు తేడా ఏమీ కనపడలేదు. మూడు రోజులు తిరిగి నూట పన్నెండు మందితో సంతకాలు, వేలిముద్రలు పెట్టించింది. ముసలి పూలి బొటనవేలు చూసుకుంటూ, "పింఛను మిషన్‌కే పడని ఏలు, కాయితానికి పడ్తదా బిడ్డా?" అంది. నెలనెలా ఆ వేలిని తడిబట్టతో నాలుగైదుసార్లు తుడిస్తే గాని మిషన్ గుర్తుపట్టదు. కాగితం మీద ఒక్కసారికే పడింది.

నాలుగో రోజు సెలవు పెట్టి తపాలా ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్లింది. ఇన్‌స్పెక్టర్ సీతయ్య నెమ్మదిగా మాట్లాడే మనిషి. కూర్చోమని కుర్చీ చూపించి, దరఖాస్తు మొత్తం చదివాడు. తర్వాత బీరువాలోంచి ఫైలు తీశాడు.

"పోయిన ఆగస్టులో లెక్క తీయించారమ్మా. నెలంతా కలిపి మీ దగ్గరికి వచ్చిన ఉత్తరాలు ముప్పై ఆరు."

"ఆగస్టుల మూడు వారాలు వాగు పొంగింది సార్. సంచి తాటిపాడులనే ఆగిపోయింది."

"నాకు తెలుసు. రిపోర్టులో ఆ ముక్క కూడా రాశాను." పేజీ తిప్పాడు. "తాటిపాడు పెద్దమనుషుల దగ్గర్నుంచి సిఫారసు కూడా వచ్చింది. అయినా పై వాళ్లు ఒక మాట అడిగారు, తండా వాళ్లకు అభ్యంతరం లేదా అని. అప్పుడు ఇది వచ్చింది."

అది హర్యా తండా గ్రామసభ తీర్మానం. వాగు మీద కల్వర్టు మంజూరు చేయాలని కోరుతూ, ప్రజల సౌకర్యం దృష్ట్యా తపాలా శాఖను రోడ్డు పక్కనున్న తాటిపాడుకు మార్చడానికి సభ ఏకగ్రీవంగా అంగీకరించింది. కింద రూప్‌సింగ్ సంతకం, పంచాయతీ ముద్ర. వెనక రెండు పేజీల నిండా సంతకాలు, వేలిముద్రలు. నాలుగో సంతకం గుండ్రని తెలుగు అక్షరాల్లో ఉంది. పక్కన తారీఖు కూడా వేసి ఉంది. తండాలో సంతకం పక్కన తారీఖు వేసే అలవాటు ఆమె ఒక్కదానికే ఉంది.

జనవరిలో ఆ సభ తన ఇంటి ముందే జరిగింది. కల్వర్టు కోసమని రూప్‌సింగ్ చెప్పాడు. ముందు హాజరు సంతకాలు పెట్టమన్నాడు, తీర్మానం తర్వాత రాసుకుంటానన్నాడు. వేలిముద్రలకు ప్యాడ్ లేదంటే సంగీతే ఆఫీసు ప్యాడ్ తెచ్చి ఇచ్చింది. ముసలివాళ్ల వేళ్లు పట్టుకుని ఒత్తించింది కూడా.

"ఇది మీదేనా?" సీతయ్య అడిగాడు.

"నాదే సార్."

ఆయన ఫైలు మూశాడు. దరఖాస్తును వెనక్కి ఇవ్వబోయి, మళ్లీ తన దగ్గరే పెట్టుకున్నాడు. "పంపిస్తాను. ఫలితం ఉంటుందని మాత్రం చెప్పలేను."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడుపు వస్తుందేమో అని చూసింది. రాలేదు. కోపం కూడా రాలేదు. ఏన్కూరు దాటాక టేకు చెట్లు మొదలయ్యాయి. ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చుంది.

రూప్‌సింగ్ ఇంట్లోనే ఉన్నాడు. ఆమె నిలబడే అంది. "తీర్మానం చూసిన బావా."

ఆయన లోపలి గది వైపు చూశాడు. లోపల కూతురు సోమ్లి జొన్నరొట్టెలు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నిరుడు ఆగస్టులో నొప్పులు వచ్చినప్పుడు ఆమెను మంచం మీద పడుకోబెట్టి నలుగురు వాగు దాటించబోయారు. మధ్యలో నీళ్లు పెరిగి వెనక్కి వచ్చేశారు. బిడ్డ బతకలేదు. సోమ్లికి ఇప్పుడు మళ్లీ నాలుగో నెల.

"ఎలక్షన్ అయినంక వెంకటకృష్ణ పిలిచిండు" అన్నాడు రూప్‌సింగ్. వెంకటకృష్ణ తాటిపాడు పెద్ద రైతు, ఎరువుల దుకాణం ఉంది, మండలంలో ఆయన మాట నడుస్తుంది. "కల్వర్టు ఫైలు ముందుకు పోవాల్నంటే నా చేతిల పనే అన్నడు. మా ఊరి పోస్టాఫీసు మా ఊరికి ఇయ్యున్రి అన్నడు. రొండే మాటలు. నేను ఇంటికొచ్చి సోమ్లిని చూసిన. ఇగ ఏం ఆలోచించలే."

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే సంతకం పెడుదువా?"

పెట్టేదేమో. పెట్టకపోయేదేమో. అడగలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు. సోమ్లి తలుపు దగ్గరకు వచ్చి, "చిన్నమ్మా, రొట్టె తిని పో" అంది. సంగీత కూర్చుని తిన్నది.

మార్చి ఆఖరున ఇద్దరు మనుషులు ఆటో తీసుకుని వచ్చారు. తూకం, ఇనప్పెట్టె, రిజిస్టర్లు, పింఛను మిషన్ జాబితా ప్రకారం సరిచూసి ఎక్కించారు. గోడకు ఉన్న ఎర్ర డబ్బా మేకులు తుప్పు పట్టి ఊడలేదు. సుత్తితో కొడితే గోడ పెళ్లతో సహా వచ్చింది. చూడటానికి పదిమంది వచ్చారు. నూట పన్నెండు సంతకాలు ఏమైనాయని ఎవరూ అడగలేదు. అందరికీ అప్పటికే తెలిసిపోయింది. సంగీత ఆ గుంతలో మట్టి మెత్తి, మరునాడు సున్నం పూసింది.

తాటిపాడులో ఆఫీసు వెంకటకృష్ణ దుకాణం పక్క గదిలో పెట్టారు. మొదటి రోజు ఆయనే వచ్చి తాళం తీశాడు.

"సౌకర్యంగా ఉందా అమ్మా? ఏదన్నా కావాలంటే మొహమాటపడకు. మీ నాన్నగారు చాలా మంచివారు."

"మా మామ సార్."

"అదే, అదే."

ఆయన భార్య భారతమ్మ టీ పంపించింది. దుకాణంలో కూర్చున్న వాళ్లకు స్టీలు గ్లాసుల్లో, సంగీతకు కాగితం కప్పులో. పని పిల్ల తెచ్చి బల్ల మూలన పెట్టింది. సంగీత తాగి, కప్పు బయట చెత్తడబ్బాలో వేసి వచ్చింది.

ఆ వారమే ఖమ్మం నుంచి బోర్డు రాసేవాడు వచ్చాడు. పాత బోర్డు ఫొటో ఫోనులో చూపించాడు. "దీంట్ల తాటిపాడు కింద బ్రాకెట్ల హర్యా తండా అని ఉన్నదమ్మా. గది గూడ రాయాల్నా?"

సంగీత ఆర్డరు కాగితం తీసి చూసింది. "దీంట్ల లేదు" అంది.

"అయితే వద్దు" అని వాడు సుద్దతో గీతలు గీసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె లోపలికి వెళ్లి సంచి విప్పింది.

ఇప్పుడు దస్రు సైకిలు ఎదురు దిక్కుకు పోతుంది. ఉత్తరాలు తీసుకుని తండాకు వెళ్తాడు, వీలు చిక్కనప్పుడు మర్నాడు వెళ్తాడు. పింఛను రోజున తండా ముసలివాళ్లు ఆటో మాట్లాడుకుని వస్తారు. తాటిపాడు వాళ్లు ముందే వచ్చి వరసలో కూర్చుంటారు. మే నెలలో పూలి వేలు ఎన్నిసార్లు తుడిచినా మిషన్ తీసుకోలేదు. వెనక వాళ్లు విసుక్కున్నారు. "రేపు రా అవ్వా" అంది సంగీత. తండాలోనైతే పనులన్నీ అయ్యాక తీరిగ్గా మళ్లీ ప్రయత్నించేవాళ్లు. పూలి సరేనంది. మర్నాడు రాలేదు. సంగీత ఆదివారం ఇంటికెళ్లి అడిగితే, కాళ్లు నొస్తున్నయని చెప్పింది.

కల్వర్టు మాత్రం అనుకున్న దానికన్నా ముందే పూర్తయింది. జూన్ మొదటి వారంలో రెండు కొబ్బరికాయలు కొట్టారు. వెంకటకృష్ణ, రూప్‌సింగ్ పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. ఆగస్టులో వాగు ఎప్పటిలాగే పొంగింది. నీళ్లు కింద నుంచి పోయాయి. ఒకరోజు పొద్దున ఏడింటికి అంబులెన్స్ తండాలోకి వచ్చి సోమ్లిని ఎక్కించుకుని పోయింది. పదకొండున్నరకు ఆఫీసులో ఉండగా సంగీతకు ఫోను వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. "మంచిగైంది" అంది. ఎదురుగా రిజిస్టరు ఉత్తరం పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. అది తూకం వేసింది.

సంతోషం ఉంది. అది ఉందని ఆమెకు తెలుసు. ఎక్కడుందో మాత్రం తగలడం లేదు.

సాయంత్రం రూప్‌సింగ్ లడ్డూల డబ్బాతో ఇంటికి వచ్చాడు. మార్చి తర్వాత ఆయన ఆ గడప ఎక్కడం అదే మొదలు. సంగీత డబ్బా అందుకుని, ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. కూర్చోమంది. ముందుగదిలో ఇప్పుడు బియ్యం బస్తాలున్నాయి. ఆయన ఒక బస్తా మీద కూర్చుని చుట్టూ చూశాడు.

"కొత్త ఆఫీసు మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఫ్యాన్ ఉన్నది."

"అవ్" అన్నాడు.

ఇంకేమన్నా అంటుందేమోనని ఆయన కాసేపు చూశాడు. ఆమె లడ్డూల డబ్బాకు మూత పెట్టింది. బయట వాన మొదలైంది. తువ్వాలు నెత్తి మీద వేసుకుని ఆయన వెళ్లిపోయాక, సంగీత లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది.