మేనమామ చదివింపు

పరాయి చీరకు ఫాల్ కుడుతూ ఫోన్‌లో మా ఆడపడుచు మల్లిక కూతురి ఓణీల ఫంక్షన్ లైవ్ చూస్తున్నాను. నా బిడ్డ వర్షితను దానికి పిలవలేదు. తొమ్మిదేళ్ల పిల్ల, "నాయిన ఏడున్నడే?" అంటూ నా భుజం మీంచి తొంగి చూస్తోంది. అంతలో మైకు మోగింది. "మేనమామ విజేందర్, రెండు తులాల బంగారు గొలుసు, లక్షా నూటపదహార్లు!" నా చేతిలో సూది ఆగిపోయింది. బాధతో కాదు, సంతోషంతో.

ఆ విజేందరే నా మొగుడు. విడిపోయి రెండేళ్లయింది. బిడ్డ ఖర్చులకని నేను నల్గొండలో కోర్టుకెక్కితే, కూలికి పోతానని, రాబడి నెలకు తొమ్మిది వేలు దాటదని, రెండు వేలకంటే ఎక్కువ ఇచ్చుకోలేనని ప్రమాణం చేసి కాగితమిచ్చాడు. అతని రెండు వరికోత మిషన్లూ అప్పటికే చిన్నాన్న కొడుకు పేరు మీదికి మారిపోయాయి. "జడ్జి నీ కన్నీళ్లు చూడడమ్మా. తండ్రి రాబడి, పిల్ల ఖర్చు, నీ సంపాదన చూస్తడు. ఆయనకు రాబడి ఉందని రుజువు తేవాలె" అంది మా వకీలమ్మ. ఫాల్ కుట్టే నా సంపాదన మాత్రం పైసాతో సహా రాయించారు. పదకొండేళ్లు వాళ్లింట్లో చేసిన చాకిరీ ఏ గడిలో రాయాలో ఎవరూ చెప్పలేదు.

ఆ చాకిరీలో ఇదీ ఒకటి. వాళ్లింట్లో ఏ ఫంక్షనైనా చదివింపుల పుస్తకం రాసేది నేనే. "డిగ్రీ సదివిన కోడలాయె, గా మూలకు కూసోని రాయమను" అనేది అత్త. అందరూ తిని చేతులు కడుక్కున్నాక అడుగంటిన బగారన్నం నా విస్తట్లోకి వచ్చేది. విజేందర్ మాత్రం ప్రతిసారీ వంగి చెవిలో చెప్పేవాడు. "నా పేరు గట్టిగ సదివియ్యి. మైకుల సదవకుంటె ఇచ్చినట్టే కాదు."

వీడియో చూసి వకీలమ్మ ఎగిరి గంతేసింది. "ఇప్పుడే వద్దు మేడం. మా వదిన వచ్చిన వాయిదా నాడు అడుగుండ్రి" అన్నాను. తమ్ముడికి అండగా కోర్టుకొచ్చి నన్ను గుడ్లురిమి చూడడం మల్లికకు అలవాటే.

ఆ రోజు వచ్చింది. బోనులో విజేందర్ ఆ వీడియో చూసి తల అడ్డంగా ఊపాడు. "పైసలు ఉత్తగనె సదివిచ్చిన సార్, ఇయ్యలే. గొలుసు గూడ గిల్టుది."

వెనక బెంచీ మీంచి మల్లిక దిగ్గున లేచింది. "ఏందిరా, గిల్టుదా? మా అత్తగారోళ్ల ముంగట నా ఇజ్జత్ ఏంగావాలె? సార్, అసలు బంగారం! మొన్ననే బ్యాంకుల కుదువ వెట్టినం, తూకం చీటి ఉన్నది. లచ్చ రూపాయలు గూడ నా చేతులనే వెట్టిండు. రెండు మిషన్ల ఆసామికి గదొక లెక్కనా?"

జడ్జి ఆమెను ముందుకు పిలిచి అన్నీ మళ్లీ చెప్పించి రాయించుకున్నాడు. నా కంచంలో మాడు వడ్డించిన ఇంటి ఆడపడుచు నా సాక్షి అయింది. తలవంచుకుని నవ్వుకున్నాను. అయ్యో అనిపించలేదు.

తీర్పు రోజు అక్కాతమ్ముళ్లు చెరో మూల నిలబడ్డారు. జడ్జి గొణిగినట్టు చదివాడు. "తండ్రి విజేందర్, కూతురు వర్షితకు, నెలకు పన్నెండు వేలు..."

నేను లేచి చేతులు జోడించాను.

"సార్, మైకు లేదు గద. జర గట్టిగ సదువుండ్రి."