ఆవిరి వైపు

తడి దుప్పటి రెండు కొసలనూ ఇద్దరు పట్టుకుని, ఒక్కసారిగా వేడి రోలరుకు అందించాలి. ఒకరి చెయ్యి వెనకబడితే గుడ్డ వంకర పోతుంది. ఆవిరి మామ చెయ్యి ఏనాడూ వెనకబడలేదు. అందరికీ మామ అయిన ఆయన, అవతలి కొస పట్టుకునే ఆమెకు మాత్రం అన్నయ్య. ఆయన ముఖం ఆవిరిలో తేలి, కరిగి, మళ్ళీ తేలుతూ ఉండేది.

ఆ హోటలు లాండ్రీలో కిటికీల దగ్గర మడతలు పెట్టేవారందరూ స్థానికులు. ఆవిరి వైపు నిలబడేవారందరూ పొట్ట చేతపట్టుకుని పరాయి దేశాల నుంచి వచ్చిన నల్లవారు. ఊపిరి అందడం లేదు, మడతల బల్లకు మార్చమని ఆయన అడిగిన రోజున మేనేజరు నవ్వి, "మీ జాతివాళ్ళకు వేడి అలవాటేగా" అన్నాడు. ఆ మాట మీదే ఆయన ఫిర్యాదు చేశాడు. సాక్ష్యం చెప్పమంటే, పక్కనే ఉండి విన్న ఆమె తల దించుకుంది. పని పోతే పిల్లల గతేమిటి? ఆయన మళ్ళీ అడగలేదు.

విచారణాధికారి వచ్చే రోజు అది. ఫిర్యాదు మానుకుంటే కిటికీ దగ్గరి కుర్చీ నీదేనని పొద్దున్నే మేనేజరు కబురంపాడు. ఆయన వెళ్ళి ఆ కుర్చీలో కాసేపు కూర్చుని, గాలి పీల్చి, తిరిగి వచ్చేశాడు.

"ఉండిపోకపోయావా అన్నయ్యా?"

"కుర్చీ మెత్తగానే ఉందమ్మా. ఆ మాటే కింద గుచ్చుకుంటోంది." మెడలోని తువ్వాలు తీసి, ముఖం తుడుచుకుని, కమ్మీ మీద వేశాడు. "నేను పుట్టింది మంచు కొండల్లో. నాకు వేడి అలవాటట!"

ఇన్నేళ్ళలో ఆయన ఊరు ఎలాంటిదని ఆమె అడగనే లేదు. ఆవిరి దట్టమైంది. అందులో కొండలు, తెల్లని దారులు, ఎక్కడికో నడిచిపోతున్న ఒక పిల్లవాడు కనిపించినట్లయింది.

దుప్పటి అవతలి కొస జారింది.

ఆవిరి పలచబడేసరికి ఆయన ఉతికిన బట్టల గుట్టకు చేరగిలబడి ఉన్నాడు. దూరాన ఏదో చూస్తున్నట్లు కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి లేదు.

మధ్యాహ్నం వచ్చిన అధికారితో, మనిషే లేనప్పుడు ఇంకేం విచారణ అన్నాడు మేనేజరు. అధికారి వెనుదిరగబోయాడు. ఆమె చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది.

"ఆగండి సార్. ఆ మాట నేను విన్నాను. మా అన్నయ్య బదులు నేను చెబుతాను."

కిటికీల దగ్గర మడతలు పెట్టే చేతులు ఆగిపోయాయి. రోలరు పక్కన కమ్మీ మీద, ఆవిరికి తడిసిన ఆయన తువ్వాలు ఇంకా సన్నగా పొగలు కక్కుతూనే ఉంది.