నాలుగవ స్థానము

హేమంతము గడచి శిశిరము ప్రవేశించిన మాఘమాసమున అనకాపల్లి పట్టణమును చుట్టుకొనియున్న మంచుతెర ఇంకను తొలగకమునుపే పరిసర గ్రామముల గానుగపొయ్యిలనుండి లేచిన చెరకుపాకపు కమ్మని ఆవిరి ప్రభాతమారుతముతో కలసి పురవీథుల నాక్రమించి నిద్రించువారి నాలుకలకు సైతము తీపిని తలపునకు తెచ్చుచుండెను. బెల్లపు విపణిలో పసిడివన్నె దిమ్మలు బారులు తీరి బాలార్కకిరణములు సోకి మెరయుచుండగా తేనెటీగల ఝంకారమును వేలము పాడువారి కేకలును ఒండొంటిని మించుచుండెను.

ఆ మధురసామ్రాజ్యమున పదునాలుగు వారములుగా బెల్లపు తునుక నోటనిడని వాడొక్కడే యుండెను. వాని పేరు బొడ్డేడ నూకరాజు. వయస్సు ముప్పదియారేండ్లు. పదునెనిమిదేండ్లుగా ఆ విపణిలో దిమ్మలు మోయు కళాసీ. అయినను వాని మనస్సంతయు దేహదారుఢ్య పోటీలయందే లగ్నమైయుండెను. కోడి కూయకమునుపే వ్యాయామశాలకేగి ఇనుపబరువులతో పెనగి పిమ్మట పగలంతయు బెల్లపు బరువులు మోసి సాయంకాలమున మరల ఇనుము పట్టుచు ఇరువది గ్రుడ్ల తెల్లసొనయు ఉప్పులేని కోడిమాంసమును పిడికెడు ముడిబియ్యపు అన్నమును తూచి భుజించుచు ఆ యాకలిగొన్న శరీరమును శిల్పివలె చెక్కుకొనుచుండెను.

వానికి గురువు కొయిలాడ కనకారావు. ఒకానొక కాలమున ఆ సీమలో సాటిలేని కండలవీరుడని పేరొందిన యా కనకారావు యౌవనమున పతకములపై మోహముచేత సూదిమందులు పొడిపించుకొని దేహమును పొంగించి కడపట మూత్రపిండములు చెడి వారమునకు మూడుమారులు వైద్యశాలలో యంత్రముచే రక్తమును శుద్ధి చేయించుకొనుచు మిగిలిన దినములలో పిప్పివలె నెండిన మేనితో బల్లపై కూర్చుండి శిష్యులకు వ్యాయామము నేర్పుచుండెను. ఆ రూపమును దినదినము చూచుచున్న నూకరాజు చెమటచే వచ్చిన కండయే కండయనియు తక్కినది వంచనయనియు నమ్మి జన్మమున సూది ముట్టనని శపథము చేసెను. శపథము సత్యమైనదే. అయినను దానియందొక సౌకర్యమును కలదు. ఆరేండ్లుగా ఓడిన ప్రతిమారును "ఆళ్లంతా మందుగాళ్లు" అని తలచి వాడు నిశ్చింతగా నిద్రించుచుండెను.

ఈ యేడు విశాఖపట్టణమున మందులు ముట్టనివారికి మాత్రమే ఒక పోటీ జరుగునని తెలియగానే నూకరాజు హృదయమున చిరకాలనిరుద్ధమైన ఆశ కట్టలు త్రెంచుకొనెను. మొదటి ఆరుగురికిని మూత్రపరీక్ష తప్పదట. ఇక తన్నాపువాడెవ్వడని వాడు సాధనను రెట్టించెను. దినములు గడచినకొలది వాని చెక్కిళ్లు లోతునకు పోయెను. కోపము ముక్కుచివరకు వచ్చెను. తలుపు గట్టిగా మూసినను పొరుగువారు నవ్వినను వాని నరములు చిటపటలాడుచుండెను.

పోటీకి పదిదినములున్నవనగా భార్య కాసులమ్మ మగని డొక్క చూచి తాళలేక మాంసమున చిటికెడు ఉప్పును చెంచాడు నువ్వులనూనెయు కలిపి వడ్డించెను. తొలి ముద్దతోడనే నూకరాజు కంచమును త్రోసివేసెను.

"ఏటి కలిపినావే ఇందులో? ఇన్ని వారాల కట్టం ఒక్క గరిటితో తగలెట్టీసినావు!"

కాసులమ్మ చెదరిన మెతుకులను కంచములోని కెత్తుచు తలయెత్తక పలికెను. "నీ ముందర కూకొని పచ్చడి కలుపుకోడానికి సిగ్గేస్తంది మావా. పస్తు నీ ఒక్కడికే అనుకుంతన్నావు. ఇల్లంతా పస్తే."

"గెలిసినాక తెలుస్తాది నీకు."

"గెలవకపోతేనో?"

నూకరాజు చేయి కడుగుకొని వెలుపలికి పోయెను.

పోటీనాడు దీపకాంతులచే దేదీప్యమానమైన వేదికపై తైలలిప్తగాత్రులైన పండ్రెండుగురు వరుసగా నిలిచిరి. వారిలో భీమిలి తీరమున వలలు లాగు వాసుపల్లి ఎల్లాజీ యను జాలరి విశాలస్కంధములను చూచిన క్షణముననే నూకరాజు "వీడు సూదిగాడే" అని నిశ్చయించుకొనెను. భంగిమలు ముగిసెను. ఫలితములు ప్రకటితములయ్యెను. ఎల్లాజీ ప్రథముడు. నూకరాజు అయిదవవాడు.

వాడు పండ్లు కొరుకుచు పరీక్షాఫలములకై వేచియుండెను. కడకు అవియును వచ్చెను. రెండవ స్థానము పొందినవాడు మందు తినెనని తేలి తొలగింపబడుటచే నూకరాజు నాలుగవవాడయ్యెను. ఎల్లాజీ దేహమున దోషము లేశమును లేదు.

ఇన్నాళ్లును వాని యోటములకు ఊతగోలయైన మాట నాడు విరిగిపోయెను. వాడు న్యాయనిర్ణేతలలో వృద్ధుడైన యొకనిని సమీపించి చేతులు జోడించి యడిగెను. "నాకేటి తక్కువయిందండీ?"

ఆ వృద్ధుడు వెనుకవైపునుండి తీసిన నూకరాజు ఛాయాచిత్రమును తన ఫోనులో చూపెను. "నీ సాధనలో లోటు లేదయ్యా. కానీ ఇటు చూడు, కుడిపక్క వీపు ఎంత పెరిగిందో. ఎడమది దాని పక్కన చిన్నబోయింది. నడుము కూడా ఒక పక్కకి ఒరిగింది. ఏం పని చేస్తుంటావు?"

"బెల్లం దిమ్మలు మోస్తానండి."

"ఏ భుజం మీద?"

నూకరాజు చేయి తనంతట తానే కుడి భుజముపైకి పోయెను. పదునెనిమిదేండ్లుగా తనకు కూడుపెట్టిన భుజమే తన్ను వంకర చేసెనని చిత్రము నిర్దాక్షిణ్యముగా పలుకుచుండెను. కోపించుటకు ఎదుట నెవ్వరును లేరు.

మరునాడు వాడు గురువుకడకేగి నిలదీసెను. "నా ఈపు వంకరని మీకు తెలీదా మాస్టారూ? ఇన్నేళ్లూ ఎందుకు సెప్పలేదు?"

కనకారావు సూదిగాయములతో కమిలిన తన ముంజేతిని నిమురుకొనుచు పలికెను. "సెప్తే కూలి మానేస్తావేటిరా? మానేస్తే ఆ గుడ్లెవుడు కొంటాడు? నీకు సెప్పి ఏడిపించడం కంటే నానొక్కణ్ణీ ఏడవడమే మేలనుకున్నాను."

ఆ మాటకు నూకరాజు కోపము చల్లారలేదు. గురువుపై నిలువనునులేదు. నిలువ చోటు దొరకని యా కోపముతోనే వాడు ఇల్లు చేరి కాసులమ్మ ప్రక్కన పీట వేసికొని ఆమె కలిపిన గోంగూరపచ్చడి యన్నమును తినెను. ఆమె రెండవమారు వడ్డించెను.

సోమవారమున విపణిలో మోతకు తన వంతు పిలుపు రాగానే నూకరాజు గోనెపట్టను ఎడమ భుజముపై వేసికొని దిమ్మ నెత్తుకొనెను. అలవాటు లేని యా భుజము వడకెను. పదియడుగులు పడకమునుపే దిమ్మ జారి నేలబడి రెండు వ్రయ్యలయ్యెను. తోడివారు గొల్లున నవ్విరి.

"ఏటిరా, కొత్తోడిలాగ పడేస్తన్నావు?" అని మేస్త్రి యరచెను. "నీ కుడిబుజానికేటొచ్చింది?"

"దానికేటీ రాలేదు మేస్త్రీ. అదే నా బాద."

"ఆ యేసాలు ఇంటికాడెయ్. అవతల లారీ ఎల్లిపోవాల."

నూకరాజు రెండవ దిమ్మ నెత్తుకొనెను. కుడి భుజమున మూడేసి మోయువాడు ఎడమ భుజమున ఒక్కటియే మోయగలుగుటచే తక్కినవా రొకమారు నడచిన దూరమును వాడు మూడుమారులు నడువవలసివచ్చెను. ప్రతి నడకకును మేస్త్రి తిట్టుచుండెను. ఓటమికి కారకుడు పరుడైనచో మానవునకు పగయైనను తోడుండును. కారణము తనయందే కానవచ్చినవానికి ఆ తోడును లేదు. వానికి మిగులునది పని మాత్రమే. ప్రొద్దు పైకెక్కుచుండగా చెమటతోడను విసుగుతోడను తడిసిన నూకరాజు పండ్లు బిగించి తనకు ముందుగా ఒక ప్రక్కకొరిగి సాగుచున్న తన నీడను త్రొక్కుచు లారీవైపునకు నడచుచుండెను.