తొమ్మిది మీటర్ల టెర్లిన్

మధుసూదన్‌కు ఒళ్ళు మండింది అంటే చాలా చిన్న మాట. మంచం మీద మడత విప్పిన పచ్చగుడ్డ వైపు ఒకసారి, దాన్ని ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చిన వాళ్ళమ్మ రామమ్మ వైపు ఒకసారి చూసి, తల పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది?"

"నువ్వు సెప్పిందేరా. టెర్లిన్. తొమ్మిది మీటర్లు."

"నేను చెప్పింది టెర్రైన్!"

"అదే కదరా నేను తెచ్చింది. నువ్వు సెప్పిన జోయల్ అంగడి మూసిండాది. పక్కన బట్టలంగడాయన్ని అడిగితే, టెర్రేను కాదమ్మా, టెర్లిన్ అనల్ల అన్యాడు. ఇప్పుడెవరూ అడగరంట, పాపం అడుగున యాడో ఉంటే ఎదికి తీసినాడు. గడ్డి, చెట్లు అని నువ్వు ఫోన్లో అంటాంటివి కదా, అందుకే పచ్చది తీసుకున్యా."

"డబ్బులు?"

"సరిగ్గా సరిపాయె."

సరిపోక ఏమవుతుంది! పదిహేను వందలూ సరిపోయాయి. కత్తెర పడిన గుడ్డను వాపసు తీసుకునే అంగడి ఎమ్మిగనూరులో లేదు, ఆ మాటకొస్తే ఇంకెక్కడా లేదు.

ఇంత గోల దేనికంటే, మధుసూదన్‌కు ఒక పిచ్చి ఉంది. ఆదోనిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఈ మనిషి, బెంగుళూరులో పనిచేసిన రెండేళ్ళలో బొమ్మల యుద్ధం అనే ఆట మరిగాడు. వేలెడంత సైనికుల బొమ్మలకు రంగులేసి, బల్ల మీద రెండు సైన్యాలుగా నిలబెట్టి, టేపుతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి కొట్టుకోవడం ఆ ఆట. బల్ల మీద కొండలూ గోడలూ చెట్లూ ఉండాలి, వాటి చాటున బొమ్మలు దాక్కోవాలి. అవి లేకపోతే రెండు వరసలు ఎదురెదురుగా నిలబడి పాచికలు దొర్లించడం తప్ప ఆటేమీ ఉండదు. ఆ కొండలనూ చెట్లనూ కలిపి టెర్రైన్ అంటారు.

ఆదోనికి వచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో అతనికి దొరికిన జోడీ ఒక్కడే, జిల్లాలోనే గూడూరులో ఉండే నరసింహ. అతనూ ఒక్కసారే వచ్చాడు. కొండలని చెప్పి మధుసూదన్ పేర్చిన పాత పోటీ పరీక్షల గైడ్లను చూసి ముక్కు విరిచాడు. "డీఎస్సీ పుస్తకాల మీదికి నా సైన్యాన్ని ఎక్కించలేనప్పా. బల్ల మీద సరైన భూమి పెట్టు, అప్పుడు పిలువు. లేకుంటే నా సెట్టు అమ్మేసి ఊరకుంటా" అని వెళ్ళిపోయాడు. ఈ ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. ఇదే ఆఖరుసారి అన్నాడు కూడా. అతను కూడా పోతే ఇక మధుసూదన్ తన కుడిచేత్తో తన ఎడమచేతిని ఓడించుకుంటూ బతకాలి.

బడ్జెట్టు పెట్టింది భార్య దీప. "పదిహేను వందలు. పైన ఒక్క రూపాయి అడిగినా ఆ బొమ్మలన్నీ సెకండ్ హ్యాండులో పెట్టి అమ్ముతా" అంది. అనడమే కాదు, అమ్మే మనిషి. అందుకని పది రోజులు ఫోన్ ముందేసుకుని ఎంచాడు. బల్ల మీద పరిచే, నేల బొమ్మ అచ్చేసిన చాప కొంటే చెట్లకు మిగలదు. చెట్లు కొంటే కొండలుండవు. కూలిన కోట గోడ ఒకటి చాలా బాగుంది గాని, ఆ ఒక్క గోడకే డబ్బంతా పోతుంది. చివరికి ఎమ్మిగనూరులో జోయల్ దొరికాడు. పెళ్ళి మంటపాలకూ, క్రిస్మస్ పశువుల పాకలకూ థర్మాకోల్‌తో అలంకారం చేసే మనిషి. వాడేసిన కొండలు మూడు, గోడ ఒకటి, పది చెట్లు పదిహేను వందలకే ఇస్తానన్నాడు. ఎటూ తమ్ముడి ఇంటికి ఎమ్మిగనూరు పోతున్న తల్లికి మధుసూదన్ డబ్బు చేతిలో పెట్టి, పేరు మూడుసార్లు పలికించి పంపాడు. మూడుసార్లూ ఆమె బాగానే పలికింది.

జోయల్‌కు ఫోన్ చేస్తే, "హొళగుందలో పెళ్ళి పనికొచ్చినానన్నా. సోమవారం గాని రాను" అన్నాడు. నరసింహ వచ్చేది ఆదివారం.

శనివారం డ్యూటీ నుంచి రాగానే మధుసూదన్ కసిగా పనిలోకి దిగాడు. పాత తలుపు రెక్కను రెండు స్టూళ్ళ మీద పెట్టాడు. పచ్చగుడ్డను నాలుగు మడతలు చేసి, ఎక్కడా ముడత లేకుండా పరిచాడు. ఇంటెనక గుట్ట దగ్గర రాళ్ళు ఏరుకొచ్చి ఆ పక్క రెండు, ఈ పక్క రెండు పెట్టాడు. నీళ్ళ పొయ్యికని తెచ్చిన పత్తికట్టె చివర్లు విరిచి, మట్టి ముద్దల్లో గుచ్చి, ఎండిన చెట్లని పక్కకు ఆరు చొప్పున నిలబెట్టాడు. అన్నీ టేపుతో కొలిచి మరీ పెట్టాడు.

రామమ్మ తలుపుకు ఆనుకుని చూస్తూనే ఉంది. కాసేపటికి ఆగలేకపోయింది.

"ఇది ఏ ఊరురా?"

"ఊరు కాదమ్మా, యుద్ధం చేసే చోటు."

"యుద్ధం సేసినా భూమి భూమే కదా. ఈ పక్క రెండు గుట్టలు, ఆ పక్క రెండు గుట్టలు. యాడన్నా అట్లుంటాదా?"

"రెండు పక్కలా సమానంగా ఉండాలమ్మా. లేకపోతే అన్యాయం."

"భూమి ఎవురికి సమానంగా ఉండాదిరా?" అంది రామమ్మ. నలభై ఏళ్ళు పక్కవాళ్ళ చేలల్లో కలుపు తీసిన మనిషి. "ఈడ వాన పడితే నీళ్ళు యాడికి పోతాయి?"

"వాన పడదమ్మా! ఇది ఆట!"

"వాగూ వంకా లేని భూమి నేను యాడా సూడలేదప్పా. జరుగు."

జరగనంటే వింటుందా? కొంగు బిగించి, కొడుకు కొలతలన్నీ ఒక్క చేత్తో తోసేసింది. మడతలు విప్పి గుడ్డ మొత్తం బల్ల మీద కుమ్మరించింది. పెద్ద రాళ్ళనూ, పాత చీరల ఉండలనూ గుడ్డ కిందికి తోసింది. రాళ్ళ మీద ఎత్తుగా నిలిచిన చోట గుట్టలయ్యాయి. మిగిలిన గుడ్డను వాటి మధ్యలోకి వేళ్ళతో నొక్కుకుంటూ పోతే, బల్ల ఈ మూల నుంచి ఆ మూలకు వంకర్లు తిరుగుతూ లోతుగా ఒక వంక పడింది. తొమ్మిది మీటర్లు ఉండబట్టి గాని, రెండు మీటర్లయితే అంత వంక పడేది కాదు. పత్తికట్టె చెట్లను వంక గట్టునే గుచ్చి, "సెట్లు నీళ్ళున్న తావునే కదా ఉంటాయి" అంది.

మధుసూదన్ తల ప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ సాపు చేసే ఓపిక లేక అట్లాగే వదిలేశాడు.

ఆదివారం పొద్దున నరసింహ బయలుదేరకముందే ఫోటో పంపమన్నాడు. పంపాడు. రెండు నిమిషాలకు ఫోన్ వచ్చింది.

"గుడ్డ పరిచినావేంప్పా? అన్నీ ముడతలే! దీనికోసం ఇంత దూరం పెట్రోలు పోసుకుని వస్తానా నేను?"

"అవి ముడతలు కాదన్నా. వంక..."

"ముడత నాకు తెలీదా? నువ్వూ వద్దు, నీ ఆటా వద్దు." పెట్టేశాడు.

మధుసూదన్‌కు కోపం వచ్చింది, దానికంటే ముందు ఏడుపు వచ్చింది. మూడేళ్ళు ఎదురుచూసిన జోడీ ముడతల దగ్గర పోయాడు. బొమ్మలన్నీ డబ్బాలో పడేస్తుంటే రామమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇంత సేసి ఊరికే ఎత్తిపెడతావా? నాతో ఆడు."

"నీకు రాదమ్మా."

"సెప్తే రాదా?"

విసుగ్గానే చెప్పాడు. ఇంత దూరం జరపొచ్చు, పాచికలు ఇట్లా వేయాలి అన్నాడు. చివరగా, "వంగి, నీ బొమ్మ కన్ను దగ్గర నీ కన్ను పెట్టి చూడాలి. అవతలి బొమ్మ కనపడితేనే కొట్టాలి. కనపడకపోతే కొట్టేదానికి లేదు" అన్నాడు.

"అంతేనా?" అంది రామమ్మ.

అంతే. ఆమె బొమ్మలు పదిహేనూ వంకలోకి దిగాయి. మధుసూదన్ తన బొమ్మలను గుట్టలెక్కించి వంగి చూశాడు, ఒక్కటీ కనపడలేదు. ఆ పక్కకొచ్చి వంగాడు, అక్కడా లేదు. నడుము పట్టేసింది గాని ఒక్క పాచిక వేయడానికి సందు దొరకలేదు. ఆమె మాత్రం నింపాదిగా, ఆకు నములుకుంటూ, వంక మలుపులెంట ఒక్కొక్క బొమ్మనే జరుపుకొచ్చింది. అరగంటకల్లా అతని సైన్యం వెనక తేలి, పత్తికట్టె చెట్ల సందుల్లోంచి కొట్టడం మొదలుపెట్టింది.

"ఇది ఎట్ల నేర్చుకున్యావమ్మా?" అన్నాడు ఆఖరి బొమ్మ పడిపోయాక.

"నేర్చుకునేది ఏముండాది? బర్రెకు గడ్డి కోసేకి రెడ్డిగారి సేన్లోకి పోతాంటిమి. కావలోడు గట్టు మీద ఉంటాండె. గడ్డిమోపు నెత్తినెత్తుకుని వంకెంట వంగి నడిస్తే ఆయప్ప కంట పడకుండా ఊర్లో తేలేటోళ్ళం. దొరికితే కొడవలి గుంజుకుంటాండె." బొమ్మలన్నీ మళ్ళీ నిలబెడుతూ, "నాది ఒక్కసారి గూడా గుంజుకోలే" అంది.

ఆ బర్రె పాలు అమ్మిన డబ్బుతోనే మధుసూదన్ స్కూలు పుస్తకాలు వచ్చేవి. ఆ గడ్డి ఎట్లా వచ్చేదో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదని ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

మధ్యాహ్నం నరసింహ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పెట్రోలు మాట కోపంలో అన్నానని, ఆ గుడ్డను బాగా ఇస్త్రీ చేసి సాపుగా పరిస్తే వచ్చే ఆదివారం వస్తానని. పక్కనుంచి చదివిన దీప అప్పటికే ఇస్త్రీ పెట్టె తీసి ప్లగ్గులో పెట్టబోతోంది.

"ఆ గుడ్డ జోలికి వచ్చినావంటే చూడు!" అని అరిచాడు మధుసూదన్. ఇంట్లో ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

తర్వాత ఫోన్ తీసుకుని, నిదానంగా జవాబు కొట్టాడు. "వంకలకు ఇస్త్రీ చెయ్యరన్నా. రావాలనుంటే రా. కానీ ముందు మా అమ్మ మీద గెలవాల."

ఎదురుగా రామమ్మ పాచికలు గలగలలాడిస్తూ, ఈసారి నీ బొమ్మల్ని కూడా వంకలోకి దించు నాయనా, గట్టు మీద నిలబడితే అందరికీ కనపడతావు అని చెబుతోంది.